పురిటి గదిలో నలభై దినాలు

ప్రబంధ సాహిత్యాన్ని బోధించే అధ్యాపకులకు గర్భిణీ వర్ణన చిరపరిచితమైన ఘట్టం. రాజ్యానికి వారసుడు కలుగబోతున్నాడనగానే కవి రాణిగారి చెక్కిళ్ళు తెల్లబారినవంటాడు. నడక మందగించినదని, కనురెప్పలు బరువెక్కినవని, పుల్లని పదార్థాల మీదికీ మట్టి మీదికీ మనసు పోయినదని ముచ్చటగా వర్ణిస్తాడు. కాళిదాసు రఘువంశం మూడవ సర్గలో సుదక్షిణాదేవి మట్టి రుచి మరిగిన వైనం కావ్యాలు చదువుకొన్నవారందరూ ఎరిగినదే. మన తెలుగు కవులు ఆ మార్గాన్నే అనుసరించారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో నేను ఈ పద్యాలకు ఎంతగానో ముగ్ధురాలినయ్యాను. ఆ పాలిపోయిన వన్నె మాతృత్వ సౌందర్యమని నమ్మి, పరీక్షలో అలాగే రాసి, మంచి మార్కులు కూడా తెచ్చుకొన్నాను.

రెండేళ్ళ క్రితం డిగ్రీ మూడవ సంవత్సరం తరగతిలో ఇదే పాఠం చెబుతుండగా, రెండవ బల్ల మీద కూర్చున్న విద్యార్థిని ఒకతె తల వాల్చి పక్కకు ఒరిగిపోయింది. ఆ పిల్లకు వివాహమై ఏడాది. అప్పటికి ఐదవ నెల. ముఖాన నీళ్ళు చల్లి, చేయి పట్టుకొని చూశాను. గోళ్ళ క్రింద ఎరుపన్నది లేదు. నల్లబల్ల మీద నేను అప్పుడే రాసిన 'పాండిమ' అన్న మాట అలాగే ఉంది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేయించగా హిమోగ్లోబిన్ 7.2 గ్రాములని తేలింది. గర్భిణికి అది 11 గ్రాములకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. 7కు లోపు దిగితే తీవ్రమైన రక్తహీనత అంటారు. ఆ పిల్ల వేవిళ్ళనాటి నుండీ బలపం ముక్కలు, పచ్చిబియ్యం నములుతున్నదని తోటి విద్యార్థినులు నెమ్మదిగా చెప్పారు. కవులు దోహదమని మురిసిన కోరిక, చాలా సందర్భాలలో, ఒంట్లో ఇనుము కరవై శరీరం పెట్టే కేక అని ఆనాడు వైద్యురాలు చెప్పగా విన్నాను.

ఆనాటి నుండి ఆ పద్యాలు నాకు పూర్వంలా రుచించడం లేదు. నేను వైద్యురాలిని కాను. తెలుగు చెప్పుకొనేదానిని, ఇద్దరు బిడ్డల తల్లిని. ఈ వ్యాసం రాయడానికి రెండవ అర్హతే చాలునని తలుస్తున్నాను. మన కళాశాల విద్యార్థినులలో పలువురు చదువు ముగిసిన రెండు మూడేళ్ళలో తల్లులు కాబోతున్నవారు. విద్యార్థులు తండ్రులు కాబోతున్నవారు. 'ఇది ఆడవాళ్ళ విషయం' అని మగపిల్లలు పేజీ తిప్పవద్దని మనవి. వారి కోసం రాసినది ఇందులో కొంత ఉంది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణీ స్త్రీలలో 53.7 శాతం మంది రక్తహీనులు. 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలందరినీ లెక్కించినప్పుడు ఆ సంఖ్య 58.8 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. గర్భం వచ్చి స్త్రీని రక్తహీనురాలిని చేయడం లేదు. రక్తం లేని పిల్లనే మనం అత్తవారింటికి పంపుతున్నాం. అదే సర్వే మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలో జరుగుతున్నాయని చెబుతున్నది. 2018–20 లెక్కల ప్రకారం లక్ష జననాలకు దేశమంతటా 97 మంది తల్లులు మరణిస్తుండగా మన రాష్ట్రంలో 45 మంది మరణించారు. ఇది సామాన్యమైన విజయం కాదు. తల్లిని చావు నుండి తప్పించడం నేర్చుకొన్నాం. బ్రతికిన తల్లిని బలంగా నిలబెట్టడం మాత్రం ఇంకా మన ఇండ్లకు పట్టలేదు.

పల్నాడు తిండికి మొగం వాచిన సీమ కాదు. ఇక్కడి జొన్నకూటిని శ్రీనాథుడు ఈసడించుకొన్నాడని చాటువులు ప్రచారంలో ఉన్నాయి. కవిసార్వభౌములు ఏమన్నప్పటికీ, ఆ జొన్న సజ్జలే ఈ గడ్డ మీద తరతరాల ఆడవారిని నిలబెట్టినవి. 1967లో సాగరు కాలువలకు నీరు వదిలిన పిమ్మట మాగాణి పెరిగింది. పండుగనాడు మాత్రమే తినే వరి అన్నం నిత్యాన్నమైంది. అది సంతోషించవలసిన మార్పే. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలు తిరగవేస్తే, వంద గ్రాముల సజ్జలలో 6 మిల్లీగ్రాములకు పైగా, జొన్నలలో దాదాపు 4 మిల్లీగ్రాముల ఇనుము కనిపిస్తుంది. మరపట్టిన తెల్ల బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. రాగులలో సున్నం పాళ్ళు వరికంటె ఎన్నో రెట్లు. కాలువతో పాటు వరి వచ్చింది, సజ్జరొట్టె దొడ్డిదారిన వెళ్ళిపోయింది. గర్భిణి కంచంలో ఇంత అన్నం, ఇంత గోంగూర పచ్చడి, ఇంత మజ్జిగ మిగిలాయి. అది కూడా ఇంటిల్లిపాదీ తిన్న తరువాత.

రక్తహీనత కథలో మన తెలుగువారికి గర్వకారణమైన అధ్యాయం ఒకటున్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక ప్రమాదకరమైన రక్తహీనతను పరిశీలించింది. పేద ముస్లిం స్త్రీలలో అది అధికంగా ఉండడం గమనించి, వారి ఇండ్లలో ఏమి వండుతున్నారో, ఏమి తింటున్నారో ఆరా తీసింది. ఆకుకూరలు, పండ్లు, పాలు వారి తిండిలో బహు తక్కువ. రోగకారణం క్రిమి కాదు, కంచమని ఆమెకు తోచింది. ఈస్టు సారం తినిపిస్తే ఆ స్త్రీలు కోలుకొంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థమే అనంతరం ఫోలిక్ ఆమ్లమని తేలింది. దానిని కృత్రిమంగా తయారుచేసే మార్గాన్ని 1945 ప్రాంతంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సాధించిన పరిశోధక బృందానికి సారథి మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. సంగ్రహణి వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకొన్నవాడు. బొంబాయి పేదరాలి కంచం నుండి భీమవరపు శాస్త్రజ్ఞుని గాజుకుప్పె దాకా నడచిన ఆ పరిశోధన, నేడు ఆశా కార్యకర్త చేతిలో ఒక చిన్న మాత్రగా మన గుమ్మం ముందు నిలబడి ఉంది.

ఆ మాత్రను మనం ఏమి చేస్తున్నాం? తల దిండు క్రింద దాస్తున్నాం. మా విద్యార్థిని ఇంట పప్పుడబ్బా వెనుక అట్టలకు అట్టలు దొరికాయి. మింగితే వికారమట, మలం నల్లగా వస్తున్నదట, బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటావిడ చెప్పినదట. మలం నల్లబడడం ఇనుము గుణం, భయపడవలసినది లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. భోజనమైన గంట తరువాత, నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకొంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీతో మింగితే మింగనట్లే. ఇక వికారం ఓర్చుకొనరానంతగా ఉంటే మాత్ర మార్చమని వైద్యురాలిని అడగవచ్చు. అది మందు మానడానికి కారణం కారాదు. గర్భిణికి 180 రోజులు, కాన్పయిన తరువాత మరి 180 రోజులు రోజుకొక మాత్ర అన్నది మన దేశపు నియమం. కాన్పయిన తరువాతి ఆ రెండవ నూట ఎనభై రోజులు అనేకులు విననే లేదు.

మరొక్క మాట. శిశువు వెన్నెముక, మెదడు రూపుదిద్దుకొనే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలలోనే మూసుకొంటుంది. తల్లికి నెల తప్పినదన్న అనుమానం వచ్చే నాటికి ఆ పని ముగిసిపోతున్నదన్నమాట. అటువంటి లోపంతో ఒక బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందే ఫోలిక్ ఆమ్లం ఇవ్వగా, తరువాతి బిడ్డకు ఆ లోపం రావడం 72 శాతం తగ్గినదని 1991లో ప్రచురితమైన బ్రిటిష్ పరిశోధన నిరూపించింది. కాబట్టి ఈ మాత్ర సంగతి సీమంతం నాడు కాదు, నిఖా మాటలు నడిచేనాడే తెలియాలి. జహేజు జాబితాలు అంత శ్రద్ధగా రాసుకొనే పెద్దలు పెండ్లికూతురి రక్తపరీక్ష కాగితం కూడా ఒకటి చూసుకొంటే ఎంత బాగుండును!

ఇక శ్రమ విషయం. 'పని చేస్తే కాన్పు సులువవుతుంది' అన్నది మన ఇండ్లలో వేదవాక్కు. అందులో సగం నిజముంది. కడుపులో ఇబ్బంది లేని గర్భిణి వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా ఒక మోస్తరు శ్రమ చేయడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు, మాట్లాడగలిగినంత వేగంతో నడక. దానివల్ల గర్భిణులకు వచ్చే మధుమేహం, రక్తపోటు తగ్గుతాయి, నడుము నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అయితే ఈ సూక్తిని పల్నాడులో ఎవరికి చెబుతున్నాం? ఫిబ్రవరి మార్చి నెలలలో మిరపకోతల వేళ మాచర్ల, గురజాల వైపు పొలాలు చూడండి. ఏడవ నెల, ఎనిమిదవ నెల స్త్రీలు పొద్దుటి నుండి వంగిన నడుము ఎత్తకుండా కాయలు కోస్తుంటారు. ఘాటుకు దగ్గుతూ, ఎండకు తూలుతూ, మూత్రవిసర్జనకు చాటు దొరకదని నీళ్ళు తాగడం మానుకొని. అది వ్యాయామం కాదు. వ్యాయామమన్నది తిన్న ఒంటికి చేసేది, అలసినప్పుడు ఆపగలిగేది. కూలి పోతుందని ఆపలేని పనిని వ్యాయామమని పిలవడం వంచన.

దీనికి ఎదురు చివర పట్టణపు ఇల్లాలున్నది. నరసరావుపేటలోనో పిడుగురాళ్ళలోనో కాస్త కలిగిన ఇంట కోడలు నెల తప్పగానే మంచం ఎక్కించి, మెట్లు దిగవద్దు, చెంబు ఎత్తవద్దని కాపలా కాస్తారు. వైద్యులు ప్రత్యేక కారణం చూపి విశ్రాంతి తీసుకొమ్మంటే వేరు. లేనప్పుడు ఆ మంచం వరం కాదు. ఒంటి బరువు, చక్కెర, మలబద్ధకం, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, అన్నీ దానిని అంటిపెట్టుకొనే వస్తాయి. ఒకతెకు కూర్చోవడానికి నీడ లేదు, ఇంకొకతెకు నడవడానికి వీధి లేదు. సాయంకాలం కోడలు పిల్ల ఒంటరిగా అరగంట నడిచి వస్తే నలుగురూ ఏమనుకొంటారోనన్న భయం మన మహల్లాలలో ఇంకా పోలేదు. ఆ నలుగురిలో ఒకరు ఆమెతో కలిసి నడిస్తే సరిపోయేది.

నడుస్తుండగా రక్తస్రావం కనిపించినా, ఛాతీలో నొప్పి, తల తిరుగుడు, పిక్కలో వాపు నొప్పి వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళవలసినదే. ముఖం చేతులు ఉబ్బడం, విడవని తలనొప్పి, కండ్లు మసకలు, ఇవి మన పెద్దలు గుర్రపువాతమని పేరు పెట్టి భయపడిన వ్యాధికి ముందు వచ్చే కబుర్లు. నీరు పట్టిందిలే, మగబిడ్డ కాబోలు అని తేల్చివేయరాదు.

ఇప్పుడు నా ప్రధానమైన అభియోగానికి వస్తాను.

కాన్పయిన స్త్రీకి నలభై రోజుల విశ్రాంతి అన్న ఆచారం మన ముస్లిం కుటుంబాలలో చిల్లా పేరుతో ఉన్నది. ఏలూరు వాస్తవ్యుడైన జాఫర్ షరీఫ్ దక్షిణాది ముస్లిముల ఆచారాలను గూర్చి రచించిన ఖానూనె ఇస్లాం అనే గ్రంథాన్ని హెర్‌క్లాట్స్ అనే వైద్యుడు ఆంగ్లంలోకి అనువదించగా 1832లో లండన్‌లో అచ్చయింది. ఆ గ్రంథం ఏడవ నెల గర్భిణికి చేసే వేడుకతోనే ఆరంభమై, పురుడు, చిల్లా వరకు వివరంగా నడుస్తుంది. అంటే ఈ నలభై రోజులు నిన్న మొన్నటివి కావు. ఆయుర్వేదం సూతికకు నెలన్నర గడువిచ్చింది. చైనావారు నెల రోజులంటారు. లాటిన్ అమెరికా దేశాలలో నలభై అని అర్థమిచ్చే మాటతోనే బాలింత కాలాన్ని పిలుస్తారు. ఆధునిక వైద్యం ఆరు వారాలంటున్నది, అనగా 42 రోజులు. ఇన్ని జాతులు, ఇన్ని మతాలు ఒకరినొకరు సంప్రదించకుండానే ఇంచుమించు ఒకే లెక్కకు వచ్చాయంటే ఆ లెక్కలో అనుభవజ్ఞానమున్నదన్నమాటే. నలభై రోజులతో నాకు పేచీ లేదు. ఆ నలభై రోజుల లోపల మనం బాలింతకు పెట్టే తిండితోనే పేచీ.

నా మొదటి కాన్పు ఏప్రిల్ నెలలో. శస్త్రచికిత్స చేసి బిడ్డను తీశారు. గురజాల వైపు మా పుట్టింటికి చేరాను. రెంటచింతల ఎండలు పత్రికలకెక్కే రోజులవి. గది కిటికీలు మూశారు, మంచం క్రింద కుంపటి పెట్టారు, చెవులకు గుడ్డ కట్టారు. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళు, అవీ కాచినవి. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందట. పప్పు వద్దు, కుట్లు చీము పడతాయి. ఆకుకూర వద్దు, బిడ్డకు విరేచనాలవుతాయి. పెరుగు వద్దు, పండు వద్దు, గుడ్డు వద్దు. ఇక మిగిలినది పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ. నేను ఎం.ఏ. చదివినదానిని, నలుగురికి పాఠాలు చెప్పేదానిని. నోరెత్తలేదు. పురిటి మంచం మీద డిగ్రీలు పనిచేయవు.

పద్దెనిమిదవ రోజున లేచి నిలబడబోయి పడిపోయాను. అప్పటికి వారం రోజులుగా పాలు తగ్గాయి. పాప పగలూ రాత్రీ ఏడుస్తుంటే సీసాతో గేదెపాలు మొదలుపెట్టారు; దానికి విరేచనాలు పట్టుకొన్నాయి. నాకు మూత్రంలో మంట, చలిజ్వరం. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ వైద్యురాలు మా అమ్మీతో అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది.

"మీ అమ్మాయికి పెద్ద జబ్బేమీ లేదమ్మా, దప్పిక."

తల్లిపాలలో 87 శాతం నీరే. పుట్టిన ఆరు నెలల లోపు బిడ్డ రోజుకు సుమారు ముప్పావు లీటరు పాలు తాగుతుంది. మూడు గ్లాసుల నీళ్ళిచ్చి, కుంపటి పక్కన పడుకోబెట్టి, ఆ ముప్పావు లీటరు ఎక్కడి నుండి తెమ్మంటాం? జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజూ మామూలు తిండి కంటె 350 కేలరీలు అదనంగా కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 కేలరీలు అదనంగా కావాలి. చూలాలికంటె బాలింతకే ఎక్కువ తిండి అవసరమన్నమాట. మనం సరిగ్గా దీనిని తలక్రిందులు చేశాం. కడుపుతో ఉండగా సారె, చలిమిడి, మిఠాయి, బంధువుల రాకపోకలు. బిడ్డ బయటపడగానే తల్లికి పథ్యం! పప్పులోని మాంసకృత్తులే కోసిన చర్మాన్ని అతికించేవి. చీము పట్టేది క్రిమి వల్ల, కందిపప్పు వల్ల కాదు. మన రాష్ట్రంలో 2019–21 నాటికే నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగుతున్నాయి; అంటే ఈ చీము భయంతో పస్తుండే బాలింతలు పెరుగుతున్నారే గాని తగ్గడం లేదు.

విచిత్రమేమంటే, మన ఆచారంలోనే దీనికి విరుగుడు కూడా ఉన్నది. వాము, బెల్లం, నెయ్యి, ఎండుఫలాలు వేసి కాచే అచ్వానీ, పాలతో చేసే హరీరా, గోందు లడ్డు, తెలుగిండ్లలో బాలింత కాయం, పాలసొర చేపల కూర, ఇవన్నీ బలమిచ్చేవే. మా నానీ చేసే అచ్వానీలో నీరూ ఉంది, శక్తీ ఉంది. పెట్టే చేయి, ఆపే చేయి రెండూ ఒకే ఇంటివి. ఆపే చేయికి మతాన్ని అడ్డు పెట్టుకొనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. ఖురాన్‌లో మరియమ్ సూరాలో ఖర్జూర వృక్షం మొదట ప్రసవవేదన పడుతున్న ఆ తల్లికి అందినవి నీటి ఊట, పండిన ఖర్జూరాలు. తినమని, తాగమని ఆమెకు ఆజ్ఞ అయింది. బాలింతకు నీళ్ళు వద్దన్న మాట అందులో లేదు. బఖరా సూరాలో రెండేండ్ల స్తన్యం ప్రస్తావన ఉన్న చోటనే, పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిదని ఉన్నది. మగపిల్లల కోసం రాశానన్నది ఈ వాక్యమే. చిల్లా పూర్తయ్యేవరకు పురిటి గది గడప తొక్కనని భీష్మించే భర్తలు ఆ గదిలోకి ఏ గిన్నె పోతున్నదో, ఎంత నిండుగా పోతున్నదో అడగడం వారి ధర్మం. రంజాను ఉపవాసం విషయంలోనూ అంతే. రోగికీ, ప్రయాణికునికీ ఉన్న వెసులుబాటును ధర్మవేత్తలు గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ వర్తింపజేశారు. ఆ వెసులుబాటు తీసుకొన్న కోడలిని వంకరచూపు చూసే ఇండ్లను నేనెరుగుదును.

ఒంటి బలానికి తిండితో పాటు కదలిక కావాలి. మామూలు కాన్పయితే మరునాటికే, శస్త్రచికిత్స అయినా వైద్యులు చెప్పినంతలో త్వరగానే, లేచి నాలుగడుగులు వేయడం మంచిది. బరువులు ఎత్తడం, నీళ్ళ బిందెలు మోయడం మాత్రం ఆరు వారాలు మానుకోవాలి. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ వైద్యుడు ఒక చిన్న వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మూత్రాన్ని ఆపుకొనేటప్పుడు బిగుసుకొనే కండరాలను ఊరికే కూర్చున్నచోటనే ఐదు లెక్కపెట్టేంతసేపు బిగించి వదలడం. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. గది వద్దు, పరికరం వద్దు, పక్కవారికి తెలియనైనా తెలియదు. దగ్గితే తుమ్మితే మూత్రం జారి, వుజూ నిలవదని నమాజు మానుకొని, బస్సు ప్రయాణాలు మానుకొని, ఎవరికీ చెప్పుకొనలేక ముప్పై ఏళ్ళకే ముసలివారైపోయిన తల్లులు నాకు తెలుసు. గర్భసంచి తీసివేసే శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో మనదీ ఒకటని జాతీయ సర్వేలు చెబుతున్నాయి. బాలింతగా ఉన్నప్పుడే ఈ వ్యాయామం ఒకరు చెవిన వేసి ఉంటే ఎందరికి ఆ కత్తి తప్పేదో.

మనసు మాట కూడా చెప్పాలి. కాన్పయిన మొదటి వారంలో కారణం లేని కన్నీళ్ళు చాలామందికి వస్తాయి, పోతాయి. రెండు వారాలు దాటినా దిగులు వదలక, బిడ్డ మీద మనసు నిలవక, నిద్ర రాక ఉంటే అది గాలి కాదు, దిష్టి కాదు. చికిత్స ఉన్న రుగ్మత. తాయెత్తు కట్టండి, కాదనను. కట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నావంటి ఉద్యోగినికి 1961లోనే ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన 26 వారాల సెలవు వచ్చింది. మిరపచేలో కాయలు కోసే తల్లికి ఆ చట్టం అందదు. మాతృవందన పథకం క్రింద మొదటి కాన్పుకు వచ్చే ఐదు వేల రూపాయలు కోతల కాలంలో ఎన్ని రోజుల కూలికి సమానమో ఆమెనే అడగాలి. నలభై రోజుల చిల్లా ఆమెకు లేదు. పదిహేనవ రోజున చీరతో ఊయల వేపచెట్టుకు కట్టి పనిలోకి దిగుతుంది. అంగన్‌వాడీలో ఆమె పేర ఇచ్చే పాలు, గుడ్లు ఇంటికి చేరగానే పెద్దపిల్లలకు, మగవారికి పంచబడతాయి. పంచేది ఆ తల్లే. ఆమెను ఏమని తప్పుపట్టగలం?

మా మొదటి పాప విషయమై ఆసుపత్రి నుండి వచ్చిన రాత్రి అమ్మీ చాలాసేపు మౌనంగా ఉండి, "మేమందరం ఇలాగే కన్నాం బేటీ, మీరందరూ ఇలాగే పెరిగారు" అన్నది. ఆ మాటలో కోపం లేదు, నొచ్చుకోవడమే ఉంది. అమ్మీ ఏడుగురిని కన్నది. మేము నలుగురం మిగిలాం. ఆ లెక్క ఆ రాత్రి ఇద్దరికీ గుర్తుకు వచ్చింది. ఇద్దరమూ పైకి అనలేదు.

తరగతిలో పడిపోయిన ఆ పిల్లకు నెలలు నిండేనాటికి హిమోగ్లోబిన్ పదికి చేరింది. వాళ్ళ అత్తగారిని నేను మూడుసార్లు కలిశాను. మొదటిసారి టీ కూడా ఇవ్వలేదు, మూడవసారి సజ్జరొట్టె పెట్టింది. ఆ పిల్ల ఆ సంవత్సరం పరీక్షలు రాయలేకపోయింది. మరుసటి ఏడు బిడ్డను తల్లికి అప్పగించి వచ్చి రాసింది. గత వేసవిలో మా చెల్లెలు పురిటికి వచ్చింది. చూడబోయేసరికి కిటికీలు రెండూ తెరిచి ఉన్నాయి. మంచం క్రింద కుంపటి లేదు. తలాపున అమ్మీ నీళ్ళ కూజా పెట్టి, దాని మీద గ్లాసు బోర్లించింది. వంటింటిలో పప్పు ఉడుకుతున్న వాసన. కుట్ల సంగతేమిటని పక్కింటావిడ గడపలోనే నిలబడి అడిగితే, అమ్మీ పొయ్యి దగ్గర నుండి తల తిప్పకుండానే, "పప్పు వేసుకొందువు గాని, లోపలికి వచ్చి కూర్చో" అన్నది.